తొమ్మిది తర్వాత

మిర్చి వ్యాపారి బుడాన్‌కి నిద్రలో ఊపిరి ఆగుతోందని పట్టుకున్నది భార్య మాబూబీ. గురక ఆగగానే ఆమె లెక్కపెట్టేది. తొమ్మిదికల్లా ఊపిరి తిరిగొచ్చేది.

"విమానంలో ఈ సీప్యాప్ మిషను తీయమాకండి. లెక్కపెట్టడానికి పక్కన నేనుండను," అని సత్తెనపల్లిలో బస్సెక్కిస్తూ మరీ మరీ చెప్పింది.

లండన్ విమానంలో దీపాలార్పేశారు. ఊపిరి ఆగకుండా గొట్టంతో గాలి తోసే ఆ మిషను మాస్కు బిగించుకున్న బుడాన్ నిద్ర పట్టక అటూ ఇటూ కదులుతున్నాడు. ఖాళీగా ఉన్న పక్క సీట్లోంచి గురక వినిపించింది. డాక్టరు కోసం మాబూబీ ఫోన్లో రికార్డు చేసి వినిపించిన తన గురకే అది.

అంతలో అది ఆగిపోయింది. బుడాన్ మనసులోనే లెక్కపెట్టాడు. తొమ్మిదైనా మళ్లీ రాలేదు. గుండెల మీద చెయ్యేసుకున్నాడు. గొట్టంలో గాలి బుసకొడుతూనే ఉంది, ఛాతీ మాత్రం కదలడం లేదు.

"పది," అంది మాబూబీ, చెవి పక్కనే.