చిన్నగదిలో పెద్దావిడ

ఆ పొద్దున ఒహాయోలో ఆకాశం మంచు కురవబోయి ఆగిపోయింది. చీకటిపడినా అలాగే బరువుగా వేలాడుతోంది.

డెరిక్, లోర్నా తమ మొదటి ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడాది కావస్తోంది. ఈ నెల దాటితే, బయానా ఇచ్చిన పెద్దిల్లు చేజారిపోతుంది. లోర్నాకి నెలలు నిండుతున్నాయి. ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా ఇద్దరూ బయటికెళ్లి, వీధి చివర కారులో కూర్చునేవాళ్లు.

"చిన్నగదిలో పడుకున్న ముసలావిడని కూడా తీసుకెళ్లండయ్యా. వచ్చినవాళ్లు మొహమాటపడి వెళ్లిపోతున్నారు" అన్నాడు మొదటి ఏజెంటు. ఇంట్లో ముసలివాళ్లెవరూ లేరు. చేతకాక సాకులు చెబుతున్నాడని డెరిక్ అతన్ని మాన్పించేశాడు.

ఆ సంగతి తెలియని కొత్త ఏజెంటు పెగ్గీ, ఇవాళ ఇల్లు చూపించి వాళ్ల కారు దగ్గరికొచ్చింది.

"ఇల్లమ్మడం మీ పెద్దావిడకి ఇష్టం లేదటగా! ముందే చెప్పొద్దూ?"

"ఎవరన్నారు?" అన్నాడు డెరిక్.

"ఆవిడే. పాపాయి ఈ ఇంట్లోనే పెరగాలట. భలే మనిషిలే!"

పెగ్గీ కారు వెళ్లిపోయాక ఇద్దరూ ఇంట్లోకొచ్చారు. పైన చిన్నగదిలో మంచం కిర్రుమంది. ఆ గదిలో మంచమే లేదు.

లోర్నా సూపు వేడిచేసి, బల్లమీద మూడు గిన్నెలు పెట్టింది. డెరిక్ మూడింటి పక్కనా చెంచాలు పెట్టాడు. ఇద్దరూ తలెత్తకుండా తిన్నారు. చెంచాల చప్పుడు బల్లకి మూడు వైపుల నుంచీ వినిపించింది.