కదలని చుక్క

పొద్దున్నుంచి ఫోనులో ఎర్రచుక్క కదలడం లేదు.

తోడేళ్ల మీద పరిశోధన చేసే శివజ్యోతి దాన్ని మళ్లీ మళ్లీ చూసింది. ఆ చుక్క ఒక తల్లి తోడేలు. మూడు నెలల కింద దాని మెడకు జీపీఎస్ పట్టీ కట్టించింది తనే. పాలు తాగే పిల్లలున్న తోడేలు పొదల్లో కాకుండా పాడుబడ్డ నాపరాళ్ల గనిలో, మిట్టెండలో ఏం చేస్తున్నట్టు?

ఫారెస్టు గార్డు ఓబులేష్ బండిని బేతంచెర్ల దాటించి, గని అంచున ఆపాడు.

తోడేలు లేదు. ఒక ముసలాయన గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. పక్కన కొడవలి. కోసేసిన పట్టీ. రెంటి మీదా నెత్తురు.

"ఏమప్పా, తోడేలు యాడ?" గద్దించాడు ఓబులేష్.

"పాయె సామీ. దాని పిల్లల కాడికి."

"పట్టీ ఎవరు కోసినారు?"

"నేనే."

"ఈ నెత్తురు?"

"నాదే."

ఓబులేష్ నవ్వాడు. "చంపి యాడ పూడ్చినావో చెప్పు."

"పట్టీ తీగెకు తగులుకొని..."

"అబద్ధాలొద్దు పెద్దాయనా!" శివజ్యోతి అరిచింది.

అంతే, ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆఫీసులో పొద్దుగుంకేదాకా కూర్చోబెట్టారు. పేరు సోమన్న అన్నాడు, ఊరు చెప్పాడు. అంత ఉక్కలోనూ గొంగడి తీయలేదు. పిలిచినప్పుడు రావాలని చెప్పి పంపేశారు.

నాలుగు రోజులు గనులన్నీ గాలించారు. కళేబరం దొరకలేదు.

ఐదో రోజు, జంతువుల ఫొటోల కోసం గని గట్టు మీద పెట్టిన కెమెరా మెమరీ కార్డు వచ్చింది. వారానికోసారి తీసే కార్డు. ముందే తీయాలని ఎవరికీ తట్టలేదు.

శివజ్యోతి ఒక్కో ఫొటో జరుపుతోంది.

పట్టీ ఇనుప తీగెకు చిక్కుకుని, ఊపిరాడక గిలగిలలాడుతున్న తోడేలు. దాని తలమీద గొంగడి కప్పుతున్న సోమన్న. పట్టీ కింద కొడవలి. ఆయన ముంజేతిలో దిగబడ్డ కోరలు.

అయినా కోస్తూనే ఉన్నాడు.

చివరి ఫొటోలో తోడేలు పొదల వైపు పరుగెడుతోంది.

"ఓబులేష్, బండి తియ్యి!"

సోమన్న ఇంటి గడపలో ఆయన భార్య గిడ్డమ్మ ఒక్కతే ఉంది.

"పెద్దాయన లేడా అమ్మా?"

"కర్నూలు పెద్దాస్పత్రిలో మూడు దినాలుండె. చేతి విషం ఒళ్లంతా పాకిందన్యారు. నిన్న మన్ను జేసొచ్చిరి."

శివజ్యోతి ఆమె పక్కన కూర్చుంది. "తోడేలు కరిచిందని ఆ రోజే చెప్పుంటే..."

"డాక్టర్లకు గూడా బండ కోసుకున్యాదనే చెప్పినాడు. మనిషిని కరిచిందని తెలిస్తే ఊరోళ్లు దాన్ని బతకనియ్యరంట. పాణం పొయ్యేముందర నాకొక్కదానికే చెప్పె."

ఆమె ముఖం చూడలేక శివజ్యోతి చూపు తిప్పుకుంది. ఇంటి పక్కన గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది.

"గొర్రెలు అమ్మేసినారా అమ్మా?"

"యాడ అమ్మినాం తల్లీ," అంది గిడ్డమ్మ. "పదకొండుండె. ఏడాదిలో ఒక్కొక్కటే అన్నిట్నీ తిన్యాది ఆ తోడేలే."