వెనక ఎడమ చక్రం

“ఆ మూడింటి జోలికి వెళ్ళకండి. ఇదొక్కటే,” అంది సావిత్రి, కారు వెనక ఎడమ చక్రాన్ని చూపిస్తూ.

సత్యదుర్గారావు వంగి చూశాడు. అమలాపురంలో అల్లాయ్ చక్రాలు బాగుచేసే షాపు అతనిది. మూడు చక్రాలు తళతళలాడుతున్నాయి. నాలుగోదాని నిండా సన్నటి గీతలు, బాగా వాడిన వెండి కంచంలా.

“ఇది మేష్టారి కారు కదండీ?”

“ఆయన పోయి ఏడాది దాటింది. రేపట్నించి మా అమ్మాయిది.”

శ్రీవిద్య కారు తాళం వేలికి తిప్పుకుంటూ నవ్వింది. “గీతలుంటే నాకేం ఇబ్బంది లేదని మొత్తుకుంటున్నానండీ. కొత్తపేటలో బ్యాంకుకెళ్ళి రావడానికి చక్రం తిరిగితే చాలు.”

“నీకు లేకపోవచ్చు, నాకుంది. ఇన్నేళ్ళూ దీంతో మాట పడ్డాను. నా నిర్వాకం నీ కారుకి కూడా ఎందుకే? గీత కనపడకుండా తీసేయండి దుర్గారావు గారూ.”

“ఆయ్, కూర్చోండమ్మగారూ,” అంటూ అతను జాకీ తెచ్చుకున్నాడు.

కారు కొన్న ఏడు, దసరా వాహనపూజ నాటి నిర్వాకం అది. భర్త పురుషోత్తం స్నానానికి వెళ్ళిన కాస్సేపట్లో, పూజకి ఇత్తడి బిందె తోమిన చేత్తోనే సావిత్రి కారు వెనక చక్రాన్ని కూడా తోమింది. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు. ఒకటి పూర్తిచేసి రెండోదాని దగ్గర కూర్చోబోతుంటే ఆయన తడి తలతో పరుగెత్తుకొచ్చాడు.

“సావిత్రీ! అది బిందె కాదే!”

అరిచింది ఆ ఒక్కసారే. శిక్ష మాత్రం ఆ వచ్చే ఆదివారం మొదలైంది. అంతవరకూ ఆయన కారు ఆయనే కడుక్కునేవాడు, ఆమె వంటింట్లో ఉండేది. “గీసినవాళ్ళే నీళ్ళు పొయ్యాలి,” అని ఆ రోజు కొబ్బరిచెట్టు నీడలో పీట వేసి కూర్చోబెట్టాడు. ఆమె చెంబుతో నీళ్ళు పోస్తుంటే, ఆయన పాత పళ్ళబ్రష్షుతో చక్రం సందుల్లో పేరుకున్న నల్లటి మసి తీసేవాడు.

“ఉండు, అప్పుడే పొయ్యకు. తిరిగొచ్చిన చక్రం వేడిగా ఉంటుంది. చల్లారాలి.”

అది చల్లారేదాకా కబుర్లు. కాలేజీలో ఎవరు ఏమన్నారో, చిన్నప్పుడు పడవలో గోదావరి దాటుతూ తను ఎలా ఏడ్చాడో, మలికిపురం పెళ్ళిలో వడ్డన ఎంత ఆలస్యమైందో. ఆమె కూడా ఏదో ఒకటి చెప్పేదాకా వదిలేవాడు కాదు. లోపల పొయ్యి మీద పప్పు మాడిన ఆదివారాలు చాలానే ఉన్నాయి. చివర్లో పాత పంచె ముక్కతో ఆ గీతల చక్రం తుడుస్తూ, “ఇదిగో, శ్రీమతి గారి చేతి పని,” అనేవాడు. వీధిలో వెళ్ళేవాళ్ళని పిలిచి మరీ చూపించేవాడు.

“ఈ గీతలు పోనివ్వండి. మళ్ళీ ఈ పీట మీద కూర్చుంటే అప్పుడడగండి,” అనేది ఆమె ఉడుక్కుంటూ.

ఒక వానాకాలం రాజోలు దారిలో కారు గోతిలో పడి, ఆ వెనక చక్రమే దెబ్బతింది. ఆయన పొద్దున్న షాపుకి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాడు. సావిత్రి గుమ్మంలోనే ఎదురెళ్ళింది.

“బాగుచేసేరా? గీతలు కూడా పోయుంటాయి. అమ్మయ్య, నా శిక్ష తీరింది!”

“అంత తేలిగ్గా పోతాయా? నీ చేతి బలం సామాన్యమైందా!”

వెళ్ళి చూసింది. అలాగే ఉన్నాయి. ఆ రాత్రి ఆవకాయ కలుపుకుంటూ ఆయన మంటకి ఉస్సుమన్నాడు. వేళ్ళ చివర్లు చిట్లిపోయి ఉన్నాయి. అదేమిటంటే, టైరు పట్టుకున్నానన్నాడు.

ఇప్పుడు సత్యదుర్గారావు ఆ చక్రం ఊడదీసి, తిరగేసి లోపలి వైపు చూశాడు. పాలిష్ మిషను అందుకోబోయినవాడు ఆగిపోయాడు.

“దీన్నిలా ఉండనివ్వండమ్మా.”

“ఏం, పోవా?”

“పోకేమండీ. దీని మీద చెయ్యి వెయ్యొద్దన్నారు మేష్టారు.”

సావిత్రి మొహం చిన్నబోయింది. “విన్నావుటే విద్యా? పోయేదాకా మరిచిపోలేదు మీ నాన్న. షాపులో కూడా చెప్పిపెట్టారు.”

“పోనిద్దూ అమ్మా. నవ్వులాటకి అనుంటారు.”

“ఇన్నేళ్ళ నవ్వులాటా? ఆయన మనసులోంచి ఎలాగూ పోలేదు, చక్రం మీంచైనా పోనీ. మీరు మిషను పెట్టండి దుర్గారావు గారూ.”

అతను మిషను చేతిలోకి తీసుకున్నాడు. స్విచ్చి దాకా వెళ్ళిన వేలు వెనక్కొచ్చింది.

“ఎవరికీ చెప్పనని మాటిచ్చేనండీ. ఇంక తప్పదు. మీరు తోమిన చక్రం ఇది కాదండమ్మగారూ. అది గోతిలో పడ్డప్పుడే పగిలిపోయింది. ఇది నేనేసిన కొత్తదండి.”

“కొత్తదా? మరి ఈ గీతలు?” అంది శ్రీవిద్య.

అతను గోడవారనున్న బల్ల వైపు చూశాడు.

“అదిగో, అక్కడ కూర్చుని పొద్దుగూకేదాకా మేష్టారే కొబ్బరిపీచుతో రుద్దేరండి.”