వైకుంఠ రథానికి సన్మానం

పొద్దున్నే షెడ్డు ముందు వైకుంఠ రథాన్ని కడిగిస్తుంటే నాగకుమారి ఫోన్ మోగింది.

“మేడమ్, నేను సతీష్‌బాబును. నగర పురస్కారం కమిటీ నుంచి.”

“చెప్పుండ్రి.”

“ఇయ్యాల ఫంక్షన్‌కు మీరు ఆటోలనో, కార్లనో రాండ్రి. ఆ బండి మాత్రం తేవద్దు.”

“మాకున్నది గా బండే.”

“పెండ్లికి పోతూ పిల్లిని సంకల పెట్టుకపోయినట్టు, సన్మానానికి చావు బండి ఎందుకు మేడమ్? పెద్దమనుషులు వస్తున్నరు. స్టేజీ మీద గూడ ‘ఆఖరి సాయం సంఘం’ అని చదవం. ఉత్త ‘సేవా సంఘం’ అంటం.”

నాగకుమారికి ఒళ్లు మండింది.

“పురస్కారం దేనికి ఇస్తున్నరు? పులిహోర పంచినందుకా? శవాలు మోసినందుకే గద! బండి మీద రాసున్న పేరే చదువుండ్రి. లేకుంటే మీ శాలువ మీరే కప్పుకోండ్రి.”

ఫోన్ పెట్టేసింది.

బోధన్ వైపు చెరుకు పండించే ఇంట్లో పుట్టిన నాగకుమారి, బండి తోలే గులాం, ఇంకో నలుగురు కలిసి పెట్టుకున్న సంఘం అది. నిజామాబాద్‌లో ఎవరింట్లో మనిషి పోయినా ఫ్రీజర్ పెట్టె తీసుకెళ్లి పెడతారు. దుబాయ్ నుంచో మస్కట్ నుంచో రావలసినవాళ్లు వచ్చి కడసారి చూసుకునేదాకా ఉంచి, ఆ తరువాత బండిలో శ్మశానానికి చేరుస్తారు. ఏ కులం, ఏ మతం అని అడగరు.

అంత చేసినా ఒక్కరూ మళ్లీ ఇటు తొంగిచూడరు. బజార్లో ఎదురైతే తల తిప్పుకుంటారు. చావు సామాను ఉన్నచోటికి పని తీరాక మళ్లీ రాకూడదని జనం పట్టింపు. వీళ్లూ చావింట్లో ఎవరి ముఖమూ పరకాయించి చూడరు. ఏడ్చేవాడి ముఖం గుర్తుపెట్టుకోవడం పాపమని గులాం అంటాడు.

అందుకే షెడ్డు దగ్గరికి ఎవరైనా వచ్చారంటే ఇంట్లో చావైనా అయ్యుండాలి, బండిని ఇక్కడినుంచి తీసేయమని కొట్లాటకైనా వచ్చుండాలి.

అలాంటి ఊళ్లో ఎవరో తమ పేరును పురస్కారానికి సూచించారంటే గులాం నమ్మనే లేదు.

“గలతీ అయ్యుంటది అక్కా.”

ఆ సూచించినదెవరో కమిటీ కూడా చెప్పలేదు. అది స్టేజీ మీదే చెబుతారట.

గులాం బండి తుడుస్తుండగా గేటు దగ్గర ఒక మనిషి ఆగాడు. యాభై దాటి ఉంటాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన పెద్ద సంచి తగిలించుకున్నాడు. చెప్పులు గేటు బయటే విడిచి లోపలికొచ్చాడు.

“ఎవరు పోయిండ్రన్నా?” గులాం అడిగాడు.

“ఎవ్వరు పోలే.”

“మరెందుకొచ్చినవ్?” అంది నాగకుమారి.

“బండి గురించి వచ్చినమ్మా. సతీష్‌బాబు సార్‌తోని మాట్లాడిన...”

అంతే, అగ్గి మీద గుగ్గిలం పడ్డట్టయింది.

“ఫోన్ల చెప్పింది సాలలేదని మనిషిని గూడ పంపిండా? పోయి చెప్పు. బండి వస్తది. హాలు ముందటనే ఆగుతది!”

“గది కాదమ్మా, నేను చెప్పేది...”

“ఏం చెప్తవ్? మీ ఇంట్ల మనిషి పోయిననాడు ఈ బండి గావాలె. నలుగురి ముందట మాత్రం కానరావొద్దు. నడువ్ ఈడికెళ్లి!”

ఆ మనిషి కాసేపు బండి వైపు చూశాడు. తరువాత చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె మంట రెట్టింపయింది. అతను చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

“పాపం, మాట పూర్తి కానియ్యకపోతివి అక్కా.”

“నువ్వు ఊకో. బండి తియ్యి!”

ఫంక్షన్ హాలు దగ్గర వాచ్‌మన్ వైకుంఠ రథాన్ని చూడగానే గేటు మూసేశాడు.

“ఇది లోపలికి పోదమ్మా.”

“అయితే ఈడనే ఉంటది. గులాం, ఇంజన్ బంద్ చెయ్యి.”

వెనక పెద్దమనుషుల కార్లు ఆగిపోయి హారన్లు మొదలుపెట్టాయి. నాగకుమారి సీట్లోంచి కదల్లేదు. ఆఖరికి సతీష్‌బాబే పరుగెత్తుకొచ్చి గేటు తీయించాడు. బండి దర్జాగా వెళ్లి సరిగ్గా హాలు మెట్ల ముందు ఆగింది. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. పెట్టుకోనీ అనుకుని నాగకుమారి తలెత్తుకునే స్టేజీ ఎక్కింది.

“పేరు చదువుండ్రి,” అంది.

సతీష్‌బాబు చెమట తుడుచుకుని మైకు అందుకున్నాడు.

“ఆఖరి సాయం సంఘం!”

ఎక్కడో వెనక చప్పట్లు మొదలై ముందు వరసల దాకా వచ్చాయి. నాగకుమారి గుండె నిండిపోయింది. గెలిచాననుకుంది.

సతీష్‌బాబు మాత్రం జ్ఞాపిక చేతిలో పట్టుకుని ఆమె వెనక ఎవరికోసమో వెతుకుతున్నాడు.

“ముత్తన్న మీతోని రాలేదా మేడమ్?”

“ముత్తన్న ఎవరు?”

“మీ పేరు సూచించినాయన. ఆయన చేతుల మీదనే ఇది ఇప్పియ్యాలె. బండి వద్దన్నందుకు నిన్న నాతోని పెద్ద కొట్లాట పెట్టుకున్నడు. ‘గా బండిల కూసోనే వస్త, ఎవడాపుతడో సూస్త’ అని పొద్దుగాల మీ షెడ్డుకే పోయిండు.”

ఆమె జ్ఞాపిక వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఆయన వచ్చినంకనే తీసుకుంట. పిలువుండ్రి. నేనీడనే నిలబడుత.”

సతీష్‌బాబు పక్కకు పోయి ఫోన్ చేసి మాట్లాడి వచ్చాడు.

“ఇంకెక్కడి ముత్తన్న మేడమ్? ‘నన్ను ఎల్లగొట్టింది గానీ బండిని ఇడువలే, గంతే సాలు’ అని నవ్విండు. రాత్రికి ఫ్లైటంట, హైదరాబాద్ బస్సెక్కిండు, ఇందల్వాయి దాటిండంట.”

సతీష్‌బాబు గొంతు తగ్గించాడు.

“నిరుడు ఆయన మస్కట్ నుంచి ఉరికొచ్చి భార్య మొఖం ఆఖరుసారి సూసుకున్నది మీ పెట్టెలనే అంట.”