పలచబడని నెత్తురు

"పోయినసారి కంటే రెండు వేళ్ళ వాపు ఎక్కువే ఉంది" అంటూ డాక్టరు శ్రావణి జీవమ్మ పిక్కకు చుట్టిన టేపు తీసేసింది.

"దేవుడు బాగు చేసినాడమ్మా, నొప్పే లేదు" అంది జీవమ్మ.

ఆ మాట రోజుకు పదిమంది నోట వినే డాక్టరు సరేనని తలూపి, ఆమెను బయట కూర్చోమంది. జీవమ్మ గుమ్మంలో ఆగి మొగుడి వైపు తిరిగింది.

"జెస్సీ నాయనా, పోతా పోతా నన్నారి షరబత్తు సీసా కొనాల. పిల్లకు వేడి చేసినట్టుండాది. పళ్ళు తోముకుంటే నెత్తురొస్తాందంట."

ప్రేమయ్య ఊ కొట్టాడు. కూతురు జెస్సీ ఏడో నెలలో తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. అయినా అతని మనసంతా ఆ టేపు మీదే ఉంది.

"చూడు ప్రేమయ్యా. నెత్తురు గడ్డ తొడ దాకా కట్టింది. ఇలాంటివాళ్ళలో సగం మందికి రెండేళ్ళలో కాలు బరువెక్కుతుంది, నల్లబడుతుంది. కొందరికి మానని పుండు పడుతుంది. ఎవరికని ముందే చెప్పలేం గానీ, మొదటి నెలల్లో రక్తం సరిగ్గా పలచబడనివాళ్ళకు ముప్పు ఎక్కువ. పదిహేను రోజుల కిందట మోతాదు రెట్టింపు చేసినా ఈమెకు పలచబడలేదు. మాత్రలు మానేసిందా?"

"ఒక్క దినం తప్పలేదమ్మా. నా చేత్తోనే ఇస్తాండా."

అది అబద్ధం కాదు. నెల కిందట జీవమ్మ చర్చిలో లేచి నిలబడి, ప్రభువు తన కాలు బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. ఇక మాత్ర మింగితే ఆ సాక్ష్యం దొంగదవుతుందని మందులన్నీ పొయ్యిలో వేసింది. ప్రేమయ్య బతిమాలాడు, అరిచాడు, అలిగి రెండు పూటలు పస్తున్నాడు. ఆమె కదిలితే గదా! చివరికి దొంగచాటు పనికి దిగాడు. రోజూ తానే రాగి అంబలి కాచి, మళ్ళీ కొన్న మాత్ర పొడి చేసి ఆమె గ్లాసులో కలిపి, మూత పెట్టి, పనికని ఓర్వకల్లు బస్సుకు పరుగెత్తేవాడు. సాయంత్రం వచ్చేసరికి గ్లాసు కడిగి బోర్లించి ఉండేది. దేవుని మహిమ డాక్టరమ్మకు చూపిద్దువు రమ్మని ఆశపెట్టి రెండుసార్లూ ఆమెను కర్నూలుకు తెచ్చాడు.

"ఇంకా పెంచుతున్నా" అంది డాక్టరు. "మామూలు మనిషికైతే ఈ మోతాదు చాలా ప్రమాదం. దగ్గరుండి మింగించు."

ప్రేమయ్య కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుంటున్నట్టు ఏడ్చాడు. పత్తి చేలో తనకంటే రెండు సాళ్ళు ముందుండే మనిషి. ఆ కాలికి పుండు పడితే ఎట్లా చూడటం?

మర్నాడు పొద్దున అతను బస్సుకు పోలేదు. గ్లాసు ఆమె చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"తాగు."

"నువ్వు పో. బస్సు పోతాది. నేను తాగుతాలే."

"బస్సు పోతే పోనీ. నా ఎదురుగా తాగు."

"ఏందిది, సిన్నపిల్లకు చెప్పినట్ల?"

"నీ కాలు పోతాదంట మే! నీకు దండం పెడతా, తాగు."

మొగుడు కన్నీళ్ళు పెట్టుకోవడం ఆమె ఏనాడూ చూడలేదు. గ్లాసు నోటిదాకా తెచ్చి, మళ్ళీ కింద పెట్టేసింది.

"ఈస్టరు దాకా పొద్దున పూట ఉపవాసముంటానని ప్రభువుకు మాటిచ్చినా. సాక్ష్యం చెప్పిన మర్నాటి నుంచే. ఉపవాసం ఒకరికి తెలియకూడదంటారు గదా, అందుకే నీకు గూడా చెప్పలే."

నెల రోజుల మందు! ఆ నెత్తురు పలచబడమంటే ఎట్లా పలచబడుతుంది?

"అయితే అంబలి పారబోస్తాంటివా?"

"అన్నం పారబోసే దాన్నా నేను?" జీవమ్మ నొచ్చుకుంది.

"జెస్సీకి తాపిస్తాండా."