తగలని బంతి

“ఈ రోజు నిజంగా వెయ్యండి కురోసె సాన్,” అన్నాడు అసహినా, బ్యాటు భుజాన వేసుకుని.

కురోసె చేతిలో బంతి ఆగిపోయింది. “ఇన్నాళ్ళూ వేసినవి ఉత్తుత్తి బంతులా?”

“అలా కాదు. అప్పట్లో పెద్ద ఆటల్లో వేసేవారటగా, అలా. నన్ను అవుట్ చెయ్యండి చూద్దాం.”

జపాన్‌లోని మియాజాకిలో, బేస్‌బాల్ జట్టు సాధన శిబిరంలో ఆ నవంబరు ఉదయం సముద్రపు గాలి చలిచలిగా వీస్తోంది. కురోసె ఒకప్పుడు ఇదే జట్టుకి బంతి విసిరే పేరుమోసిన పిచర్. భుజం చెడి ఆట మానేశాక, జట్టు వాళ్ళకి సాధన బంతులు వేసే ఉద్యోగంలో కుదిరాడు. కొట్టేవాడికి ఎక్కడ కావాలంటే అక్కడ, ఎంత మెల్లగా కావాలంటే అంత మెల్లగా బంతి అందించాలి. వెనకటికి అతని బంతి ఎవరికీ తగలకపోతే జనం చప్పట్లు కొట్టేవారు. ఇప్పుడు అతని బంతి గోడ దాటితే కొడుతున్నారు.

“కొట్టించుకోవడమే నా పని నాయనా. అవుట్ చేస్తే మన శిక్షకుడు నాగమినె సాన్ నా తోలు తీస్తారు.”

అసహినా వెనక బంతి పట్టడానికి కూర్చున్న క్యాచర్ మియోషి ముసుగు పైకెత్తి నవ్వాడు. “వదిలెయ్ రా అసహినా. ముసలి గుర్రాన్ని పరుగెత్తమంటే నడుం పట్టేస్తుంది. మళ్ళీ మనమే మోసుకెళ్ళి వేడినీళ్ళలో పడుకోబెట్టాలి.”

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. కురోసెకి అరికాలి మంట నెత్తికెక్కింది. దెబ్బ తగలకుండా తన ముందు నిలబెట్టిన వలని కాలితో పక్కకి తన్నేశాడు.

“కాచుకో.”

బంతి విసిరేసరికి భుజంలో సూదులు దిగినట్టయింది. అసహినా బ్యాటు గాలిని కోసింది. బంతి మియోషి చేతి తొడుగులో ఫట్టుమని పడింది.

అవతల పరుగులు తీస్తున్నవాళ్ళు ఆగిపోయారు. కురోసె రెండో బంతిని వంకర తిప్పాడు. అదీ తగల్లేదు. మూడోదీ తప్పితే అసహినా అవుటే.

“ఇంకొక్కటి, కురోసె సాన్! ఇంకొక్కటి!” అని అరిచారెవరో.

కురోసె టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. కొట్టేవాడి కళ్ళలోకి అలా సూటిగా చూసి ఎన్నేళ్ళయిందో. భుజం ఊడిపోతే పోనీ అనుకుని ఒంట్లో ఉన్న బలమంతా పోసి విసిరాడు. దేశంలోకెల్లా ఘనంగా కొట్టే అసహినా, గింగిరాలు తిరిగి మోకాలిమీద కూలబడ్డాడు.

మైదానం మైదానమంతా హోరెత్తింది. అసహినా లేచి, శిరస్త్రాణం తీసి నడుం వరకూ వంగి నమస్కరించాడు. చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. ఓడిపోయిన సిగ్గు కాబోలనుకున్నాడు కురోసె. మియోషి కూడా ముసుగు దించేసుకుని పక్కకి తిరిగాడు.

ఆకలిదప్పులు మరిచి కురోసె తిన్నగా ప్రధాన శిక్షకుడు నాగమినె గదికి వెళ్ళాడు.

“చూశారా, నాగమినె సాన్?”

“చూశాను. కిటికీలోంచి కనిపించింది.” నాగమినె టీ పోసి కప్పు అతని ముందుకు జరిపాడు. “ముందు కూర్చో.”

“కూర్చోను. ఒక్కసారి నన్ను నిజం ఆటలో దించండి. ఒక్కడంటే ఒక్కడికి వెయ్యనివ్వండి. వాడు కొట్టాడా, మళ్ళీ నా మొహం మీకు చూపించను.”

“అసహినా మంచి కుర్రాడు, కురోసె.”

“వాడి మంచితనం సంగతి ఇప్పుడెందుకు? అంతటివాణ్ణి మూడు బంతుల్లో మట్టి కరిపించానా లేదా? మాట్లాడరేం?”

నాగమినె తల ఎత్తలేదు. 

“ఉద్యోగంలో నీకిదే ఆఖరి రోజని పొద్దున జట్టందరికీ చెప్పాను. నీకు చెప్పడానికే నోరు రాలేదు.”