ఒక్కరైనా నవ్వాలి

తలుపు మళ్ళీ చప్పుడైంది. రచయిత గొంతు తగ్గించాడే గానీ దయ్యాన్ని ఆపలేదు.

"నా మొగుడు ఏడిరా?" అని ఆడగొంతుతో కీచుమన్నాడు. వెంటనే గోడవైపు గెంతి మగగొంతు పెట్టాడు. "ఇప్పుడే బయటికెళ్ళాడండీ. గొడుగు మర్చిపోయాడు, కాస్త అందిస్తారా?"

ఆగి చెవి ఒగ్గాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. విసుగ్గా ఆ డైలాగు కొట్టేశాడు.

అతని కెరీరంతా ఇదే గోల. కామెడీ రాద్దామని వచ్చాడు. మొదటి సినిమాకి హాల్లో ఒక్కరు నవ్వితే ఒట్టు. రెండో సినిమాకి ముందు వరసలో చంటిపిల్ల జడుసుకుని కెవ్వుమంది. అది చూసి నిర్మాత, "నీలో ఉన్న సరుకు ఇదయ్యా!" అని హారర్‌లోకి తోసేశాడు. అప్పట్నుంచీ జనాన్ని హడలగొడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు గాలి మారింది. దయ్యమూ ఉండాలట, కడుపుబ్బ నవ్వించాలట.

"భయం సంగతి నువ్వు చూసుకుంటావులే," అన్నాడు నిర్మాత. "రేపు కథ వింటాను. ఒక్కరైనా నవ్వాలి. లేదంటే వేరే రైటర్‌ని పెట్టుకుంటా, ఏమీ అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటాడు? ఇది చేజారితే మళ్ళీ పిలిచే నాథుడు లేడు.

భార్యకి చదివి వినిపించాడు. ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తూ మొత్తం విని, "పాపం, ఆ దయ్యానికి ఎంత కష్టమొచ్చిందండీ!" అని కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత, "మీరు ప్రశాంతంగా రాసుకోండి," అని పిల్లల్ని తీసుకుని అక్కగారింటికి వెళ్ళిపోయింది.

దాంతో ఇంట్లో ఒక్కడే మిగిలాడు. హీరో అతనే, దయ్యం అతనే, పనిమనిషీ అతనే. రాసినదాన్ని పైకి ఆడి చూసుకుంటే తప్ప అతనికి కలం కదలదు.

కాలు ఒకచోట నిలవడం లేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి. గొడుగు తీసేసి సంచి పెట్టాడు. సంచి తీసేసి మళ్ళీ గొడుగే పెట్టాడు. ఏదీ నవ్వు తెప్పించేలా లేదు. ఏడుపొచ్చింది.

ఈసారి తలుపు విరిగేలా బాదారు. తీస్తే ఎదురుగా పైవాటా ఓనరమ్మ, ముఖం కందగడ్డ చేసుకుని.

"క్షమించండి పిన్నిగారూ," అన్నాడు ఆవిడ నోరు తెరిచేలోపే. "ఈ ఒక్కరోజూ ఓర్చుకోండి. అరుపులు తగ్గించేస్తాను."

"నీ అరుపులకేం బాబూ, అవి మాకు అలవాటైపోయాయి. మా ఆయన వాటికే కునుకు తీస్తున్నారు," అంది ఓనరమ్మ. "ఆ వెనకగదిలో ఉన్నావిడకి చెప్పు ముందు. పొద్దుట్నుంచీ ఒకటే పగలబడి నవ్వడం. మా చెవులు చిల్లులు పడుతున్నాయి."

ఇన్నాళ్ళూ తను రాసిన భయమంతా ఉత్తుత్తిదేనని ఆ క్షణాన అతనికి తెలిసొచ్చింది. మెల్లగా తల తిప్పి వెనకగది వైపు చూశాడు. పాత సామాను పడేసే గది అది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

మళ్ళీ ఓనరమ్మ వైపు తిరిగాడు.

"పిన్నిగారూ... ఆవిడ ఎక్కువగా ఏ సీనుకి నవ్వుతోందండీ?"